క్రిస్మస్ పుడ్డింగ్ వద్దనుకుంటే విందు చివర్లో ఏం పెట్టాలి?

డిసెంబరు వస్తే చాలు, ఫోన్ తెరిచినప్పుడల్లా క్రిస్మస్ పుడ్డింగ్ వీడియోలే. నల్లగా నిగనిగలాడే గుండ్రటి ముద్ద, దాని మీద బ్రాందీ పోసి అంటించిన నీలి మంట. చూడ్డానికి బాగానే ఉంటుంది. చెయ్యాలంటే మాత్రం ఎండుద్రాక్ష, బ్రెడ్ పొడి, గుడ్లు, మసాలా దినుసులతో పాటు సూయెట్ అని పశువుల మూత్రపిండాల చుట్టూ ఉండే గట్టి కొవ్వు కావాలి, అది మన కిరాణా కొట్లో దొరికే సరుకు కాదు. గంటల తరబడి ఆవిరి మీద ఉడకాలి, తర్వాత వారాల పాటు మాగాలి, పండగ రోజు మళ్ళీ ఆవిరి పట్టాలి. ఇంగ్లండులో పాత పద్ధతి పాటించేవాళ్ళు అడ్వెంటుకు (క్రిస్మస్‌కి ముందొచ్చే నాలుగు ఆదివారాల కాలం) ముందు ఆదివారమే, అంటే నవంబరు 20 నుంచి 26 లోపే, కలిపి పెట్టేసుకుంటారు. మనకి గుర్తొచ్చేది డిసెంబరు 20 తర్వాత. పైగా కెనడా బాప్టిస్టు మిషనరీల నాటి సంఘాలున్న బొబ్బిలి, శ్రీకాకుళం వైపు ఇళ్ళలోకి బ్రాందీ సీసా పట్టుకుని వెళ్తే పుడ్డింగ్ కంటే ముందు అమ్మమ్మ అంటుకుంటుంది.

కాబట్టి అది చెయ్యలేకపోతున్నామని ఏమీ అనుకోకండి. ఆ దేశంలోనే చాలామంది పుడ్డింగ్ మానేసి ట్రైఫిలో (కేకు, కస్టర్డ్, పళ్ళు పొరలుగా పేర్చినది), చాక్లెట్ యూల్ లాగో (దుంగలా చుట్టిన కేకు) పెట్టుకుంటున్నారు. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లలో క్రిస్మస్ మండు వేసవిలో వస్తుంది, అక్కడ గుడ్డు తెల్లసొన గిలకొట్టి చేసే చల్లటి పావ్లోవా మీద పళ్ళు పేర్చి తింటారు. ఎవరి వాతావరణం వాళ్ళది, ఎవరి పొయ్యి వాళ్ళది.

అసలు చూసుకోవాల్సింది ఆ పుడ్డింగ్ చేసే పని ఏంటని. ముందే చేసి పెట్టుకోవచ్చు, చిన్న ముక్కతో సరిపోతుంది, ఇంటినిండా జనం ఉన్నా అందరికీ వస్తుంది, బల్ల మీదకి రాగానే అందరూ అటు చూస్తారు. మీరు ఎంచుకునేది ఈ నాలుగు పనులూ చెయ్యాలి. దీనికి మన ఇళ్ళలో ఇంకో లెక్క కలుస్తుంది: పండగకి వారం ముందు నుంచే అరిసెలు, కజ్జికాయలు, సున్నుండలు డబ్బాల్లో ఉంటాయి. అవి పంచడానికి. బెల్లం, నెయ్యి, నూనె అప్పటికే కడుపులో బోలెడంత పడి, ఆరాధన అయ్యి, రెండు గంటలకి బిర్యానీ తిన్నాక మళ్ళీ పాకంలో తేలే గులాబ్ జామ్ పెడితే సగం సగం కొరికి ప్లేట్లలో వదిలేస్తారు. విందు చివర్లో పాలతో చేసినది, మెత్తనిది, తీపి కాస్త తక్కువున్నది కావాలి. ఈ ఒక్క మాట పట్టుకుంటే సగం ఎంపిక అయిపోయినట్టే.

నా ఓటు ఛెనాపోడకి. ఒడిశాలోని నయాగఢ్ వైపు పుట్టిన మిఠాయి, ఇచ్ఛాపురం దాటితే ఒడిశాయే కనుక మన ఉత్తరాంధ్రవాళ్ళకి మరీ కొత్తదేం కాదు. పైన మాడిన గోధుమరంగు, లోపల తేమగా పాలవిరుగుడు, కోస్తే కేకులా ముక్కలొస్తాయి. గుడ్డు ఉండదు, ఇది మామూలు విషయం కాదు, ఎందుకంటే మన పండగ ధనుర్మాసంలోనే పడుతుంది, పక్కింట్లో ఎవరో ఒకరు అయ్యప్ప మాలలో ఉంటారు, స్వామి ఎలాగూ బయటిది ముట్టుకోరు గానీ ఆ ఇంట్లో మిగతావాళ్ళకి పంపించాలన్నా గుడ్డు లేనిదైతే నిశ్చింత.

రెండు లీటర్ల చిక్కటి పాలు మరిగించి, పొయ్యి ఆపి, రెండు నిమిషాలు ఆగి, నీళ్ళు కలిపిన నిమ్మరసం కొంచెం కొంచెంగా పొయ్యండి. నీరు తేటగా పచ్చగా విడిపోగానే ఆపెయ్యాలి, ఇంకా పోస్తే పులుపు మిగిలిపోతుంది. గుడ్డలో వడకట్టి, ఒకసారి చల్లటి నీళ్ళతో కడిగి, అరగంట వేలాడదియ్యండి. పిండి పిప్పి చెయ్యకండి, పనీర్‌లా గట్టిపడితే ఛెనాపోడ పొడిపొడిగా వస్తుంది. ఆ విరిగిన నీళ్ళు పారబొయ్యకుండా చపాతీ పిండి కలుపుకోండి. సుమారు 400 గ్రాముల విరుగుడు వస్తుంది. అందులో 150 గ్రాముల పంచదార, మూడు చెంచాల బొంబాయి రవ్వ, చెంచాడు నెయ్యి, యాలకుల పొడి, చిటికెడు ఉప్పు వేసి అరచేత్తో రుద్దుతూ కలపాలి. మొదట రవ్వరవ్వగా ఉంటుంది, ఐదారు నిమిషాలు రుద్దేసరికి పంచదార కరిగి నున్నగా జారుతుంది. గట్టిగా అనిపిస్తే రెండు చెంచాల పాలు. జీడిపప్పు పలాసది ఎలాగూ ఉంటుంది, దీనికి గుండ్లు వాడక్కర్లేదు, తక్కువ ధరకొచ్చే పలుకులు చాలు.

గిన్నెలో మూడు చెంచాల పంచదార సన్నటి మంట మీద ఎర్రగా కరగనిచ్చి అడుగంతా పరిచి, చల్లారాక అంచులకి నెయ్యి రాసి మిశ్రమం పొయ్యండి. ఓవెన్ ఉంటే 180 డిగ్రీల దగ్గర ముప్పావుగంట. లేదంటే అడుగు మందంగా ఉన్న పాత కుక్కర్‌లో రెండు గుప్పిళ్ళ ఉప్పు పరిచి, మీద చిన్న స్టాండు పెట్టి, గాస్కెట్టూ విజిలూ తీసేసి, పది నిమిషాలు వేడెక్కాక గిన్నె దించి, సన్నటి మంట మీద గంట దాకా ఉంచాలి. అగ్గిపుల్ల గుచ్చితే తడి అంటకూడదు. పూర్తిగా చల్లారకుండా బోర్లించకండి, వేడిమీద విరిగిపోతుంది. ముందు రోజు చేసి ఫ్రిజ్‌లో పెడితే మర్నాటికి రుచి ఇంకా బాగుంటుంది, పది పన్నెండు మందికి చిన్న ముక్కలొస్తాయి. ఇరవై మంది వస్తారనుకుంటే రెండు చెయ్యండి, ఒకే గిన్నెలో రెట్టింపు పోస్తే మధ్యలో ఉడకదు.

గుడ్డు అభ్యంతరం లేని ఇల్లయితే క్యారమెల్ పుడ్డింగ్ ఇంకా తేలిక. అర లీటరు పాలు, నాలుగు గుడ్లు, వంద గ్రాముల పంచదార, అడుగున ఎర్రపాకం, ఇడ్లీ కుండలో అరగంట ఆవిరి. ఎక్కువమంది దెబ్బతినేది మంట దగ్గర. నీళ్ళు కుతకుతలాడేలా పెడితే లోపలంతా చిల్లులు పడి నీరు ఊరుతుంది, కాబట్టి సిమ్‌లోనే ఉండాలి, మూతకి పల్చటి గుడ్డ చుట్టాలి, లేకపోతే ఆవిరి చుక్కలు పైన పడతాయి. ఊళ్ళో చుట్టాలింట్లో గేదె ఈని ముర్రుపాలు దొరికాయనుకోండి, ఇవన్నీ పక్కన పెట్టి బెల్లం, మిరియాల పొడి వేసి జున్ను వండేయండి. దాని ముందు ఏ పుడ్డింగూ నిలబడదు. కాకపోతే గేదె క్రిస్మస్ చూసుకుని ఈనదు.

చూడ్డానికి ఘనంగా ఉండాలి, పొయ్యి దగ్గర ఎక్కువసేపు నిలబడలేం అంటే ట్రైఫిల్. గాజు గిన్నె ఉంటేనే పెట్టుకోండి, స్టీలు గిన్నెలో దాని అందమంతా లోపలే ఉండిపోతుంది. అడుగున బేకరీ నుంచి వచ్చిన ప్లమ్ కేకు ముక్కలు (క్రిస్మస్ వారంలో ప్రతి ఇంటికీ రెండు మూడు వస్తాయి, ఒకటైనా ఎండిపోతుంది), వాటి మీద కమలా రసం, ఆపైన గోరువెచ్చటి కస్టర్డ్, మళ్ళీ పళ్ళు. మామూలు కస్టర్డ్ పౌడరులో గుడ్డుండదు, మొక్కజొన్న పిండే. అర లీటరు పాలకి మూడు చెంచాలు, చల్లటి పాలలోనే కలిపి పొయ్యాలి, వేడి పాలలో వేస్తే ఉండలు కడుతుంది. డిసెంబరులో కమలాలు బాగుంటాయి, పైపొర కూడా వొలిచి తొనలు వెయ్యండి. అరటిపండు నల్లబడుతుంది, వడ్డించే ముందే వెయ్యాలి. పచ్చి అనాస ముక్కలు మాత్రం వద్దు, పాలు చేదెక్కుతాయి, వెయ్యాలనే ఉంటే పంచదారతో ఉడికించి వెయ్యండి.

క్రీమ్ పూసిన యూల్ లాగ్ లాంటివి విజయనగరంలో ఇల్లు ఉండి అక్కడే తినేవాళ్ళకి సరే. మధ్యాహ్నం ఎండలో ఆటోలో గజపతినగరం దాకా తీసుకెళ్ళాలంటే దారిలోనే జారిపోతుంది. ప్రయాణం ఉంటే, వంట అసలు కుదరదంటే, మాడుగుల హల్వా కొనెయ్యండి, నామోషీ ఏం లేదు. గోధుమ పాలతో, నేతితో చేస్తారు, నిలవ ఉంటుంది, రంగులోనూ బరువులోనూ ఆ ఇంగ్లీషు పుడ్డింగుకి దగ్గరగా ఉండేది అదే. చిన్న ముక్క మీద వేయించిన జీడిపప్పు పెట్టి, పక్కన ఒక చెంచా వెనిలా ఐస్‌క్రీమ్ వేసి చూడండి.

రాత్రి ఇంటింటికీ క్రిస్మస్ పాటలు పాడుతూ వచ్చే కేరల్స్ వాళ్ళకి వేరే లెక్క. పదకొండింటికి డప్పుతో పాతికమంది వాకిట్లోకి వస్తారు, గిన్నెలూ చెంచాలూ ఏం ఇస్తాం, చేత్తో పట్టుకుని తినేదే కావాలి. అరిసె, హల్వా ముక్క, వేడి టీ. ట్రైఫిల్ ఆ పూటకి బయటకి తియ్యకండి.

అన్నిట్లోనూ టైము ఒకటే: 24వ తేదీ మధ్యాహ్నానికల్లా చేసి ఫ్రిజ్‌లో పెట్టెయ్యాలి. సాయంత్రం నుంచి చర్చి, చుట్టాలు, బిర్యానీకి మాంసం నానబెట్టడం, ఎవరికీ పొయ్యి దొరకదు. ఫ్రిజ్‌లో చోటు కూడా ముందే చూసుకోండి, మాంసం గిన్నె పెట్టాక ఛెనాపోడకి అర దొరక్క బయటే ఉండిపోయే ఇళ్ళు చాలా ఉంటాయి. గిన్నెకి మూత గట్టిగా పెట్టండి, లేకపోతే అల్లం వెల్లుల్లి వాసన పట్టేస్తుంది.