పెద్దకూర, పండు – మూడో పాఠం: పండు వేయవలసిన వేళ

గత పాఠంలో కాలి పిక్క మాంసాన్ని ఎంచుకొని, నారకు అడ్డంగా ముక్కలు కోయడం నేర్చుకున్నాము. ఆ కిలో ముక్కలను ఈరోజు పొయ్యి మీదికి ఎక్కిద్దాము. అనంతపురం అంగళ్లలో మనకు దొరికే ఎనుము (గేదె) మాంసంలో కొవ్వు తక్కువ, నార ముతక. అందుకే దానికి సన్నని సెగా, పండు తోడూ రెండూ కావాలి.

మొదటి పండు పచ్చి బొప్పాయి. తొక్కతో నూరిన ముద్ద ఒక పెద్ద చెంచా చాలు, ఉప్పుతో కలిపి గంటసేపు పట్టించండి. అందులోని పాపైన్ అనే ఎంజైము మాంసకృత్తులను విడగొడుతుంది. రాత్రంతా ఉంచితే ముక్క పైపైన పిండిలా నలిగిపోతుంది కనుక గంట దాటనీయకండి.

తర్వాత ఉల్లి, అల్లం వెల్లుల్లి, ధనియాలపొడి, మిరపపొడితో ముక్కలను వేయించి, మునిగేంత వేడినీళ్లు పోసి, మందపాటి అడుగున్న గిన్నెకు మూత బిగించండి. ముక్కలను పట్టి ఉంచే తెల్లటి పొరలలోని కొల్లాజెన్ అనే మాంసకృత్తి 70 డిగ్రీల సెల్సియస్ దాటిన తర్వాత, గంటల తరబడి తడిలో ఉంటేనే కరిగి జిగురులాంటి జెలటిన్ అవుతుంది, పులుసుకు చిక్కదనం దానివల్లనే వస్తుంది. తొందరపడి మంట పెంచితే నారలు బిగుసుకొని తమ రసాన్ని వదిలేస్తాయి. పులుసు మీద అక్కడొకటి ఇక్కడొకటి బుడగ లేచేంత సెగ చాలు; ఇలా రెండున్నర గంటలు.

ఇప్పుడు గింజ తీసిన పది ఖర్జూరాలు వేసి, అరగంట ఉడికించండి. మొదట్లో నేను వీటిని మాంసంతోపాటే వేసేదాన్ని. తీపి అడుగుకు దిగి మాడి, కూరంతా ఆ వాసనే పట్టేది.

చివరిది మన చీనీ, అంటే బత్తాయి. గింజలు తీసి పిండిన ఒక కాయ రసాన్ని గిన్నె దించిన తర్వాతే కలపాలి. ఉడికితే చీనీ రసం చేదెక్కుతుంది, అందులోని సి విటమిన్ కూడా చాలావరకు నశిస్తుంది. పక్కనున్న రాగి సంగటిలోని ఇనుము ఒంటికి పట్టడానికి ఆ విటమినూ, మాంసమూ రెండూ తోడ్పడతాయి కాబట్టి, బాలింతలకూ రక్తం తక్కువగా ఉన్నవారికీ ఈ కూర పెట్టేటప్పుడు ఈ ఒక్క జాగ్రత్తను మరువవద్దని నా మనవి.

వచ్చే పాఠానికి ముందు ఒకసారి వండి, రెండు గంటలకొకటి, మూడు గంటలకొకటి ముక్క తీసి, వేళ్లతో నొక్కి, తేడాను రాసి పెట్టుకోండి.