బొమ్మ మీద బొమ్మ, 5వ పాఠం: వంగిన పక్కటెముకలు

పోయిన పాఠం చేసినవాళ్లలో చాలామందికి పక్కటెముకలు పచ్చి వెదురుబద్దల్లా వంగాయి. తప్పు నాదే. ఊపిరి వదిలినప్పటి సీటీ స్కాన్‌ని పీల్చినప్పటి స్కాన్ మీద సరిగ్గా కూర్చునేలా సాగదీయమన్నాను గానీ, ఎముకేదో ఊపిరితిత్తేదో, గ్రిడ్ బిందువుల్ని జరిపి బొమ్మని సాగదీసే బీ-స్ప్లైన్‌కి చెప్పించలేదు. దానికి అన్నీ ఒకే రబ్బరు. "స్కోరు బాగానే వచ్చింది కదా" అంటారా? ఎముకని వంచైనా సరే తెలుపు మీద తెలుపు పెడితే మార్కులు పడతాయి మరి.

మందు మనం వాడే, బొమ్మలు కలిపే ప్రోగ్రాం ఎలాస్టిక్స్‌లోనే ఉంది: 2007లో స్టారింగ్, క్లైన్, ప్లుయిమ్ ప్రచురించిన రిజిడిటీ పెనాల్టీ, అంటే బిగుసుగా ఉండాల్సింది వంగితే పడే జరిమానా. ప్రతి వోక్సెల్‌కీ (స్కాన్‌లోని చిన్న ఘనపు గడికీ) 0 నుంచి 1 దాకా ఒక బిగువు అంకె ఇస్తాం. ఎముకకి 1, ఊపిరితిత్తికి 0. కండకి నేను 0.1 వేస్తాను, లెక్కేమీ లేదు, చేతి అలవాటు. ఎముకని సీటీ సాంద్రత కొలమానంలో 250 హౌన్స్‌ఫీల్డ్ దగ్గర కోస్తే, అంటే అంతకన్నా ఎక్కువున్నదాన్నే ఎముకగా తీసుకుంటే, చాలు. కాంట్రాస్ట్ (రక్తనాళాలు తెల్లగా కనబడే మందు) ఎక్కించిన స్కానైతే మాత్రం బృహద్ధమని కూడా ఎముకల్లో కలిసిపోతుంది, చేత్తో చెరపండి.

ఇక నా ప్రాణం తీసే సంగతి. లేబుల్ బొమ్మ (ప్రతి వోక్సెల్ ఏ భాగమో అంకెతో రాసినది) సైజు మార్చేటప్పుడు లీనియర్ ఇంటర్‌పొలేషన్ (పక్క విలువల సగటుతో కొత్త విలువ నింపడం) వాడకండి. ఇందులో, బిగువు అంకెలుగా కాదు, పేర్లుగా ఊపిరితిత్తి 1, కండ 2, ఎముక 3 అనుకుందాం. 1కీ 3కీ మధ్య పడ్డ వోక్సెల్‌కి సగటు తీస్తే 2. అంటే ఎముక అంచున ఎక్కడా లేని కండ పొర మొలుస్తుంది! వంపు గీతతో నింపే క్యూబిక్ అయితే 3 దాటి కూడా పోగలదు. లేబుల్ అంటే పేరు, కొలత కాదు. బస్సు నంబర్లు 1, 3 కలిపి సగం చేస్తే 2వ నంబరు బస్సు రాదు కదా! నియరెస్ట్ నైబర్ (అన్నిటికన్నా దగ్గరి వోక్సెల్ విలువే తీసుకోవడం) పెట్టండి. ఎలాస్టిక్స్‌తో పాటు వచ్చే ట్రాన్స్‌ఫార్మిక్స్‌లో అయితే చివరి ఇంటర్‌పొలేషన్ ఆర్డర్ 0. అంచులు గరుకుగా వచ్చినా పట్టించుకోకండి.

జాకోబియన్ డిటర్మినెంట్ (ఒక్కో చోట ఘనపరిమాణం ఎన్ని రెట్లయిందో చెప్పే అంకె) 1 వచ్చింది కాబట్టి ఎముక వంగలేదనీ అనుకోవద్దు. పేకముక్కల కట్టని పక్కకి తోస్తే ఘనపరిమాణం మారదు, ఆకారం మారుతుంది. అందుకే ఆ పెనాల్టీ డిటర్మినెంట్‌తో పాటు ఆర్థోనార్మాలిటీ (పొడవులూ కోణాలూ మారకపోవడం), లీనియారిటీ (సరళరేఖలు వంగకపోవడం) కూడా చూస్తుంది. ఊపిరితిత్తిలో 1 రాకపోవడమే సహజం, గాలి వచ్చిపోతుంది కాబట్టి.

ఊపిరితిత్తి ఛాతీ గోడ మీద జారే సంగతి వచ్చే పాఠంలో.

అభ్యాసం: డీఐఆర్-ల్యాబ్ వాళ్లు పరీక్షకని ఇచ్చిన 4డీ (ఊపిరి దశలవారీ) సీటీల్లో ఒక కేసు తీసుకోండి. పెనాల్టీతో ఒకసారి, లేకుండా ఒకసారి నడపండి. అందులో రెండు స్కాన్లకీ ఇచ్చిన 300 జతల బిందువుల మధ్య, కలిపాక మిగిలిన సగటు దూరం రెండుసార్లూ మిల్లీమీటర్లలో రాయండి. డిటర్మినెంట్ మ్యాప్ గీసి, ఎక్కడైనా సున్నాకి దిగువన కనబడితే అక్కడ కణజాలం మడత పడినట్టే. బీ-స్ప్లైన్ గ్రిడ్ బిందువుల ఎడం మార్చి మళ్లీ నడపండి. ఒక ఆదివారం పడుతుంది.