పట్టేసిన పిక్కను చెంచాతో సడలించడం ఎలా?

రోజంతా కౌంటర్ దగ్గర నిలబడేవాళ్లకీ, కొత్తగా పరుగు మొదలుపెట్టినవాళ్లకీ పిక్కలు పట్టేయడం మామూలే. ఫిజియోథెరపిస్టులు దీనికి నున్నటి స్టీలు పనిముట్టుతో కండరం మీద గీస్తారు. నున్నటి అంచుతో చర్మాన్ని గీసే చైనావాళ్ల సంప్రదాయ వైద్యం గువా షాకు ఇది దగ్గరి చుట్టం. ఇంట్లో అయితే మందపాటి స్టీలు చెంచా చాలు. అంచును వేలితో తడిమి చూడండి, గరుకుగా ఉంటే వద్దు.

అంతకంటే ముందు ఒక మాట. ఒక్క కాలే వాచి, వేడిగా, నొప్పిగా ఉంటే లోపల రక్తం గడ్డకట్టి ఉండొచ్చు. అలాంటప్పుడు రుద్దకుండా వెంటనే డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. రక్తం పలచబడే మందులు వాడేవాళ్లు, వెరికోస్ వెయిన్స్ (కాళ్లలో ఉబ్బి మెలికలు తిరిగిన రక్తనాళాలు) ఉన్నవాళ్లు, షుగరుతో కాళ్లలో స్పర్శ తగ్గినవాళ్లు కూడా దీని జోలికి పోవద్దు. పుండు, దెబ్బ ఉన్న చోట ఎవరూ గీయకూడదు.

గీసే ముందూ తర్వాతా తేడా తెలియడానికి మొదట కొలత. గోడకు ఎదురుగా నిలబడి, మడమ లేవకుండా మోకాలిని గోడకు తాకించండి. కాలి బొటనవేలు గోడకు ఎంత దూరంలో ఉన్నప్పటిదాకా మోకాలు తాకుతోందో గుర్తు పెట్టుకోండి.

ఇక కూర్చుని, కాలు చాపి, పిక్కకు కొబ్బరి నూనె రాయండి. చెంచాను 45 డిగ్రీల వాలుగా పట్టుకుని, మడమ వైపు నుంచి మోకాలి వైపు నెమ్మదిగా గీయండి. ఒక్కో చోట అర నిమిషం, మొత్తం మూడు నిమిషాలు దాటొద్దు. మోకాలి వెనక గుంటలో రక్తనాళాలు, నరాలు ఉంటాయి, అక్కడ వద్దు. ముందువైపు ఎముక మీదా వద్దు.

ఎంత గట్టిగా నొక్కాలి? అందరూ తప్పు చేసేది ఇక్కడే. గీస్తే లోపలి గట్టి పొరలు తెగిపోతాయని చెబుతుంటారు కానీ దానికి గట్టి ఆధారం లేదు. చర్మానికి, కండరానికి తగిలే స్పర్శతో నొప్పి కాసేపు తగ్గి, కాలు ఇంకాస్త సాగడానికి ఒప్పుకుంటుందన్న వివరణే నమ్మేలా ఉంది. కాబట్టి కమిలేలా గీస్తే ఎక్కువ పని జరిగినట్టు కాదు. చర్మం లేత ఎరుపు తిరిగితే ఆపేయండి.

నూనె తుడిచేసి గోడ దగ్గర మళ్లీ కొలవండి. ఒకటి రెండు సెంటీమీటర్లు పెరిగినా అది రేపటిదాకా నిలవకపోవచ్చు. అందుకే వెంటనే గోడ పట్టుకుని మునివేళ్ల మీద లేవండి, మూడు లెక్కపెడుతూ మడమలు దించండి. ఇలా పదిహేనుసార్లు. వ్యాయామం రోజు విడిచి రోజు చేయొచ్చు, చెంచా మాత్రం వారానికి రెండుసార్లు చాలు. కమిలిన మచ్చ ఉంటే అది పోయేదాకా ఆగండి.