కుక్కపిల్లకి అడ్వాన్స్ ఇచ్చేముందు దాని అమ్మానాన్నల టెస్టు రిజల్ట్స్ మీరే చూసుకోండి

అమెరికాలో లాబ్రడార్ పిల్లనో గోల్డెన్ రిట్రీవర్ పిల్లనో తెచ్చుకుందామని బ్రీడర్‌కి ఫోన్ చేస్తే మొదట వినిపించేది "పేరెంట్స్ ఇద్దరికీ హెల్త్ టెస్టింగ్ అయిపోయిందండీ" అన్న మాటే. ఏ టెస్టులు అని అడిగితే కొందరు వెటర్నరీ డాక్టర్ రాసిచ్చిన మామూలు చెకప్ కాగితం చూపిస్తారు. అది చాలదు. అలాగని వాళ్లతో వాదించక్కర్లేదు, ఓఎఫ్ఏ, అంటే ఆర్థోపెడిక్ ఫౌండేషన్ ఫర్ యానిమల్స్, సైట్‌లోకి వెళ్లి వెతికితే సరిపోతుంది. తుంటి ఎక్స్‌రేల కోసం 1966లో మొదలైన సంస్థ ఇది, ఇప్పుడు కళ్లు, గుండె, డీఎన్ఏ రిజల్ట్స్ కూడా అక్కడే ఉంటాయి. వెతకడానికి పైసా కట్టక్కర్లేదు.

ముందు బ్రీడర్ దగ్గర తల్లి, తండ్రి రిజిస్టర్డ్ పేర్లు, రిజిస్ట్రేషన్ నంబర్లు తీసుకోండి. ఇంట్లో పిలుచుకునే బ్రూనో, సింబా లాంటి పేర్లు పనికిరావు. నంబర్ కొట్టడం మేలు, ఎందుకంటే ఆ రిజిస్టర్డ్ పేర్లు చాంతాడంత ఉంటాయి, స్పెల్లింగ్‌లో ఒక్క అక్షరం తేడా వచ్చినా దొరకవు.

పేజీ తెరుచుకున్నాక తుంటి దగ్గర ఎక్సలెంట్, గుడ్, ఫెయిర్ అని ఉంటే పాసైనట్టు. ఫైనల్ గ్రేడ్ రెండేళ్లు నిండాకే ఇస్తారు కాబట్టి ఎక్స్‌రే నాటికి కుక్క వయసెంతో చూడండి. సర్టిఫికెట్ నంబర్‌లోనే అది కనిపిస్తుంది: ముందు జాతి కోడ్, తర్వాత వరస సంఖ్య, గ్రేడ్ అక్షరం, నెలల్లో వయసు, ఆడో మగో. కళ్ల పరీక్ష సంగతి వేరు, అది ఏటా చేయించాల్సిందే, నాలుగేళ్ల కిందటి తేదీ ఉంటే కొత్తది అడగండి.

డీఎన్ఏ దగ్గర చాలామంది అనవసరంగా టెన్షన్ పడేది క్యారియర్ (చెడ్డ జీన్ ఒక్క కాపీయే ఉన్నది) అన్న మాట చూసి. లాబ్రడార్‌లలో ఈఐసీ (ఎక్సర్‌సైజ్ ఇండ్యూస్డ్ కొలాప్స్) అని ఒక జబ్బుంది, బాగా పరిగెత్తించగానే వెనక కాళ్లు పట్టు తప్పి కూలబడతాయి. చెడ్డ జీన్ తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండు కాపీలూ వస్తేనే ఈ ముప్పు. తల్లిదండ్రుల్లో ఒకటి క్యారియర్, రెండోది క్లియర్ (చెడ్డ జీన్ అసలు లేనిది) అయితే పిల్లల్లో సగటున సగం క్యారియర్లవుతాయి గానీ ఒక్కదానికీ ఆ ముప్పు ఉండదు, నిశ్చింతగా తీసుకోవచ్చు. రెండూ క్యారియర్లయితేనే చిక్కు: ప్రతి పిల్లకీ 25 శాతం ముప్పు. అందుకే తల్లి పేజీ, తండ్రి పేజీ పక్కపక్కన పెట్టి చూడాలి, ఒక్కటే చూస్తే ఏమీ తేలదు.

ఇక నన్నడిగితే, ఉన్న రిజల్ట్స్ కంటే లేనివే ఎక్కువ చెబుతాయి. ఫెయిలైన రిజల్ట్ ఓనర్ ఒప్పుకుంటేనే అందరికీ కనిపిస్తుంది. ఎల్బో వరస ఖాళీగా ఉందంటే టెస్టు చేయించలేదో, చేయించి దాచారో. ఎందుకు లేదో నేరుగా అడగండి. ఓఎఫ్ఏ ఇచ్చే చిక్ (సీహెచ్ఐసీ) నంబర్ ఉందని గొప్పగా చెబితే కూడా లోపలికి వెళ్లి చూడండి, ఆ జాతికి చెప్పిన టెస్టులన్నీ చేయించి రిజల్ట్స్ బయటపెట్టారనే దానర్థం, అన్నీ పాసయ్యాయని కాదు. (దాచకుండా పెట్టినందుకు మాత్రం మెచ్చుకోవాల్సిందే.) అదే పేజీలో కిందకి వస్తే తోబుట్టువుల రిజల్ట్స్ ఉంటాయి. తుంటి జబ్బు ఒక్క జీన్‌తో వచ్చేది కాదు కాబట్టి అవీ చదవండి.

హైదరాబాద్‌లోనో విజయవాడలోనో "ఇంపోర్టెడ్ లైన్" అని రేటు పెంచి చెబితే కేసీఐ (కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియా) పెడిగ్రీ పేపర్, అంటే వంశవృక్షం కాగితం, అడిగి, అందులో విదేశాల నుంచి వచ్చిన కుక్క పేరు ఇదే సైట్‌లో వెతకండి, బ్రిటన్‌ది అయితే అక్కడి కెన్నెల్ క్లబ్ సైట్‌లో చూడొచ్చు. కాకపోతే తాత తుంటి బాగుందని ఇక్కడున్న తల్లికి ఎక్స్‌రే తీయించకుండా వదిలేస్తే ఒప్పుకోవద్దు.