ఆర్కిడ్‌కి నీళ్లెప్పుడో వేళ్లనే చూడండి

ఆర్కిడ్‌కి నీళ్లు ఎప్పుడు పోయాలో తెలియక టెన్షన్ పడేదాన్ని. రోజూ పోస్తే కుళ్లేది, మానేస్తే వడిలేది. ఇప్పుడు లోపలి వేళ్లు కనబడే ప్లాస్టిక్ కుండీలోకి మార్చి, వాటి రంగు చూసి పోస్తున్నాను. ఫెలనాప్సిస్ అనే రకం ఆర్కిడ్ వేళ్ల మీద వెలామెన్ అనే స్పాంజిలాంటి పొర ఉంటుంది. చెట్ల కొమ్మల మీద పెరిగే మొక్క కదా, వాన పడ్డ కాసేపట్లోనే నీళ్లు పీల్చుకోవాలి. ఆ పొర ఎండితే వెండిలా తెల్లగా ఉంటుంది, తడిస్తే లోపలి పచ్చదనం బయటికి కనబడుతుంది.

కుండీలో వేళ్లు చాలావరకు తెల్లబడ్డాక, ఆకుల మొదట్లోకి నీళ్లు చేరకుండా కుండీని బకెట్లో 10-15 నిమిషాలు ఉంచి, తీసి నీళ్లన్నీ ఓడనివ్వండి. రంగు మారడం కళ్లముందే తెలుస్తుంది.

బయటికి వేలాడే వేళ్లను చూసి మాత్రం పోయకండి, అవి ముందే ఎండిపోతాయి. గోధుమరంగుకి తిరిగి మెత్తబడ్డ వేరు కుళ్లినట్టే, దానికి ఈ లెక్క పనిచేయదు.