హైలం అంటే ఏమిటి? గింజలో దాన్ని సరిగ్గా గుర్తించడం ఎలా?

హైలం అంటే గింజ మీద ఉండే రంధ్రం అని రాసేవాళ్లు ఇంకా ఉన్నారు. అది రంధ్రం కాదు, మచ్చ. కాయలో గింజను పట్టి ఉంచిన చిన్న కాడ ఊడిపోయాక మిగిలే గుర్తు. రంధ్రం దాని పక్కనే ఉంటుంది, పేరు అండద్వారం. ఈ రెండింటినీ విడివిడిగా చూపించలేని బొమ్మ ఎంత అందంగా గీసినా దండగే.

నాలుగైదు రాజ్మా గింజలు, నీళ్లు, పొడి గుడ్డ, పది రెట్లు పెద్దగా చూపే భూతద్దం చాలు. శనగలు వద్దు, వాటి ముక్కు చూపును పక్కదారి పట్టిస్తుంది. గింజలను రాత్రి నానబెట్టి పొద్దున తీయండి. లోపలికి వంగిన అంచు మధ్యలో కోలగా, లేత రంగులో కనిపించేదే హైలం.

అండద్వారం దగ్గరే అందరూ తడబడతారు. ముందు గింజను పూర్తిగా తుడవండి. హైలం గుంటలో చెమ్మ మిగిలితే అదే బయటికి వచ్చిన నీరనుకుని మోసపోతారు. తుడిచాక అర నిమిషం గాలికి ఉంచండి. తర్వాత గింజ రెండు బుగ్గలనూ బొటనవేలు, చూపుడువేలు మధ్య పట్టి మెల్లగా నొక్కండి. హైలానికి ఒక కొసన సూదిమొనంత నీటి చుక్క ఉబుకుతుంది. అదే అండద్వారం. గట్టిగా నొక్కితే బీజకవచం, అంటే గింజ పైతొక్క, చిట్లి ఎక్కడపడితే అక్కడ నీరు కారుతుంది. ఆ గింజ ఇక పనికిరాదు, పక్కన పెట్టి ఇంకొకటి తీసుకోండి. సూదితో గుచ్చి వెతకడం, తొందర కోసం ఉడకబెట్టడం అసలు చేయవద్దు. సూది లేని రంధ్రాన్ని చేస్తుంది, ఉడికిన తొక్క ఎక్కడైనా విచ్చుకుంటుంది.

చుక్కను నమ్మలేకపోతే తొక్క ఒలిచి చూడండి. లోపల ప్రథమ మూలం, అంటే మొలకెత్తేటప్పుడు వేరయ్యే భాగం, కొన అండద్వారం వైపే తిరిగి ఉంటుంది. రంగు నీళ్లలో ముంచే పద్ధతి కంటే నాకు ఇదే నచ్చుతుంది, రంగు మచ్చకూ అంటుతుంది, రంధ్రానికీ అంటుతుంది.

శరీర నిర్మాణ శాస్త్రంలోనూ ఇదే మాట వినిపిస్తుంది. మూత్రపిండం లోపలి అంచున నొక్కుకుపోయిన చోటును హైలం అంటారు. ధమని లోపలికి వెళ్లేదీ, సిర, మూత్రనాళం బయటికి వచ్చేదీ అక్కడి నుంచే. ఊపిరితిత్తికైతే శ్వాసనాళిక, రక్తనాళాలు, నరాలు హైలం దగ్గరే కలుస్తాయి. గింజలో మాత్రం ఆ రాకపోకలు ఆగిపోయి, మచ్చ ఒక్కటే మిగిలింది.

పిండి (స్టార్చ్) రేణువులోనూ హైలం ఉంటుంది, దాన్ని వీటితో కలపకండి. అక్కడ మచ్చా లేదు, ద్వారమూ లేదు. ఏ బిందువు చుట్టూ పిండి పొరలు పొరలుగా పేరుకుంటుందో ఆ బిందువే హైలం. చూడాలంటే బంగాళాదుంప ముక్కను గీరి, ఆ రసాన్ని ఒక నీటి చుక్కలో కలిపి సూక్ష్మదర్శిని కింద పెట్టండి. బిందువు మధ్యలో కాక రేణువు ఒక చివరకు జరిగి ఉంటుంది. అయోడిన్ వేయకండి, వేస్తే రేణువంతా నల్లబడి పొరలు కనిపించవు.