నిఫ్టీ ఫ్యూచర్స్‌లో ఐదారు పాయింట్ల స్కాల్పింగ్ చేసేముందు ఈ లెక్క వేసుకోండి

స్కాల్పింగ్ అంటే కొద్ది పాయింట్ల లాభం కోసం వెంటవెంటనే కొని అమ్మేయడం. ఐదు పాయింట్లు రాగానే బయటపడితే రిస్క్ తక్కువ అనుకుంటారు చాలామంది. ఒక్కసారి ఖర్చులు చూడండి. ఫ్యూచర్స్ అమ్మకంపై ఎస్‌టీటీని (లావాదేవీ విలువపై ప్రభుత్వం వేసే పన్ను) 2024 అక్టోబర్ 1 నుంచి 0.02 శాతం చేశారు. ఆ రేటు ప్రకారమే చూసినా, నిఫ్టీ 25,000 దగ్గర ఉంటే ఎస్‌టీటీ ఒక్కటే 5 పాయింట్లు! దానిపైన బ్రోకరేజీ, ఎక్స్ఛేంజీ చార్జీలు, స్టాంపు డ్యూటీ, జీఎస్టీ. అంటే మీ అంచనా నిజమై ఐదు పాయింట్లు వచ్చినా జేబులోంచే కట్టాలి. మార్కెట్ ఆర్డర్ (అప్పుడు దొరికిన ధరకే జరిగే ఆర్డర్) పెడితే కొన్న ధరలో, అమ్మిన ధరలో ఇంకొంత జారిపోతుంది.

అందుకే ఎంట్రీకి ముందే బ్రోకరేజీ కాలిక్యులేటర్‌లో ఈ రోజు రేట్లతో బ్రేక్ ఈవెన్ (ఖర్చులన్నీ పోను లాభం, నష్టం లేని స్థాయి) ఎన్ని పాయింట్లో చూడండి. టార్గెట్ దానికి కనీసం మూడు నాలుగు రెట్లు లేకపోతే ఆ ట్రేడ్ వదిలేయండి. నా మటుకు నేను ఈ చిన్న కదలికల జోలికి వెళ్లను, మీకూ వద్దనే చెబుతాను.

ఇప్పటికే చేస్తున్నవారు పోయిన నెల కాంట్రాక్ట్ నోట్లు (ట్రేడ్లు, చార్జీల వివరాలతో బ్రోకర్ పంపే పత్రాలు) తీసి, మొత్తం చార్జీలను చార్జీలకు ముందున్న లాభం పక్కన రాసి చూడండి.